చల్లబడిన తరువాత అనవద్దు

పలనాటి ఎండను గురించి పలనాటివారికి చెప్పబూనటం ఒక విధమైన సాహసం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత తెలుగునాట అంతటా ఉన్నది. కాని దానిని అతిశయోక్తిగా భావించనివారు మాచర్ల, గురజాల, రెంటచింతల ప్రాంతాలవారు. శ్రీనాథునివని చెప్పుకునే చాటువులలో పలనాటి నీటి ఎద్దడి, జొన్నకూడు ఎత్తిపొడుపుకు గురియైనవి. ఆ మహాకవి చూచిన పలనాడు వేరు. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాతి పలనాడు వేరు. నీరు వచ్చింది, జొన్న ఉన్నచోట వరి, మిరప, పత్తి వచ్చినవి. ఎండ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ సీమలో నేల అడుగున సున్నపురాయి, ఇంటి ముంగిట నాపరాయి, చేలలో నల్లరేగడి. పగలంతా కాగిన రాయి రాత్రి చాలాసేపటివరకు తన వేడిని విడుస్తూనే ఉంటుంది. కనుక పగలు అలసిన శరీరానికి రాత్రి అయినా విశ్రాంతి దొరకదు.

రెంటచింతలలో వాతావరణశాఖవారి పరిశీలనాకేంద్రం ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో రాష్ట్రంలోని గరిష్ఠ ఉష్ణోగ్రతలను ప్రకటించేటప్పుడు ఆ ఊరి పేరు తరచుగా మొదటి వరుసలో వినవస్తుంది. ఆ అంకెలను మైకు ముందు కూర్చుండి ఎన్నో వేసవులు చదివినవాణ్ణి నేను. అంకెలు చదవటం ఒకటి, వాటి అర్థం చెప్పటం ఒకటి అన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. దానికి మా కుటుంబం చెల్లించిన మూల్యం పెద్దది. ఆ సంగతి చెప్పటానికే నేటి ఈ ప్రసంగం.

అది 2015 మే నెల నాలుగవ వారం. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వడదెబ్బకు పదిహేనువందలమందికి పైగా మరణించారు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 2003లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి వేసవిలోనే వెయ్యిమందికి మించి పోయారు. 2015 నాటి మరణాలలో ఒకటి మా ఇంటిది.

మా మేనమామ గురజాలకు సమీపంలోని ఒక గ్రామంలో రైతు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. ఆరోగ్యవంతుడు. ఉదయం వార్తలు వినిగాని ఇల్లు కదలని అలవాటు ఆయనది. మేనల్లుడి గొంతు వినబడిన రోజున మరికాస్త శ్రద్ధగా వినేవాడు. ఆ ఉదయం చదివినది నేనే. పలనాడులో ఉష్ణోగ్రత నలభై ఐదు డిగ్రీలు దాటవచ్చునని, ప్రజలు జాగ్రత్తగా ఉండవలెనని చదివాను. ఆయన విని, "మనవాడు మన ఎండను మనకే చెబుతున్నాడే!" అని నవ్వి, తలపాగా చుట్టుకొని చేనికి వెళ్ళాడని మా అత్తయ్య తరువాత చెప్పింది.

అంతకు ముందునాటి సాయంత్రమే ఆయనకు పిక్కలు పట్టుకున్నవి. అత్తయ్యచేత నూనె రాయించుకొని పడుకున్నాడు. తెల్లవారి తలనొప్పి అన్నాడు, టీ తాగాడు. ఆ రోజున చేలో పత్తికట్టె ఏరించి, పెంట తోలిస్తున్నాడు. పదిగంటల వేళ గట్టుమీద కూర్చుండి ఒకసారి వాంతి చేసుకున్నాడు. కూలివారు ఇంటికి వెళ్ళమన్నారు. ట్రాక్టరుకు బాడుగ గంటల లెక్క, ఆయన వెళ్ళలేదు. పన్నెండు దాటిన తరువాత ఇంటికి వచ్చి, ముప్పై ఏళ్ళుగా తీస్తూ ఉన్న వాకిలి గడియ తీయలేక నిలబడిపోయాడు. కోడలు పరుగున వచ్చి తీస్తే, ఆమెను మా అమ్మ పేరుతో పిలిచాడు. మా అమ్మ ఆయన చెల్లెలు. ఇంట్లోవారు నవ్వారు. "ఎండకు తల తిరిగింది, కాసేపు పడుకోనీయండి" అన్నారు.

ఒళ్ళు కాలిపోతున్నది. జ్వరమనుకున్నారు. జ్వరపు మాత్ర వేశారు. దుప్పటి కప్పారు. వడగాలి రాకుండా కిటికీ తలుపులు మూశారు. ఒంటిగంటకు కొడుకు, "ఆసుపత్రికి తీసుకువెడదామా?" అన్నాడు. పెద్దవారందరూ ఒక్కమాటగా, "ఇంత ఎండలోనా? దారిలో మరింత దెబ్బ తగులుతుంది. పొద్దు వాలనీ, చల్లబడిన తరువాత వెడదాము" అన్నారు. నాలుగున్నరకు ఆయనకు ఫిట్సు వచ్చినవి. ఆసుపత్రి చేరేసరికి ఆరు. అర్ధరాత్రి కాకముందే వెళ్ళిపోయాడు.

నేను మరునాడు చేరుకున్నాను. చికిత్స చేసిన డాక్టరుగారిని కలుసుకున్నాను. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. "అందరూ ఆయనకు మేలు చేయాలనే చూశారండీ. దుప్పటి కప్పారు. ఆ దుప్పటినే తడిపి కప్పి, అప్పుడే బయలుదేరి ఉంటే బాగుండేది" అని మాత్రం అన్నారు.

శ్రోతలారా, ఆ ఇంట్లో అశ్రద్ధ చేసినవారెవరూ లేరు. "చల్లబడిన తరువాత" అన్నమాట ప్రేమతో అన్నమాటే. ఎండలో బయటకు తీసుకువెళ్ళరాదన్న జాగ్రత్తలో నుంచి వచ్చిన మాట. అందువల్లనే అది ప్రమాదకరమైనది. ఇక నా వంతు తప్పు ఉండనే ఉన్నది. జాగ్రత్తగా ఉండవలెనని చదివాను. దేనిని చూచి జాగ్రత్తపడవలెనో చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మనిషి శరీరం సుమారు 37 డిగ్రీల వేడిమి వద్ద పనిచేసే యంత్రం. మన ఇళ్ళలోని జ్వరమాని లెక్క ప్రకారం 98.6. బయట చల్లగా ఉన్నప్పుడు ఒంటిలోని వేడి చర్మంమీదుగా గాలిలోకి పోతుంది. గాలి మనకంటె వేడిగా ఉన్నప్పుడు ఈ దారి మూసుకొనిపోవటమే కాదు, తిరగబడుతుంది. గాలిలోని వేడి మనలోకి వస్తుంది. అప్పుడు మిగిలిన ఉపాయం చెమట ఒక్కటే. చెమట ఆరేటప్పుడు ఒంటివేడిని తీసుకొనిపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది ఈ సూత్రంమీదనే. ఎండలో కష్టపడే మనిషి గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, చెమట కోల్పోతాడు. చెమటతోపాటు ఉప్పు పోతుంది. నీరు, ఉప్పు లోపలికి రాకపోతే కుండ ఎండిపోతుంది. కుండ ఎండిన తరువాత లోపలి వేడి పెరగటానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకొక సంగతి. వార్తలలో మేము చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో ఉంచిన ఉష్ణమాపకం చూపినది. చేలో, రాతి క్వారీలో, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర, తారురోడ్డుమీద మనిషికి తగిలే వేడి అంతకంటె చాలా హెచ్చు. మైదానప్రాంతాలలో నీడలోని ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే వడగాడ్పు అని, 47కు చేరితే తీవ్రమైన వడగాడ్పు అని వాతావరణశాఖవారు ప్రకటిస్తారు. మేము 45 అన్నామంటే, పొలంగట్టుమీద ఉన్నవారు దానికి మరికొంత కలుపుకొని వినవలె.

శరీరం తటాలున పడిపోదు. ముందుగా కబుర్లు పంపుతుంది. ఆ కబుర్లు మూడు మెట్లుగా వస్తాయి.

మొదటి మెట్టు: పిక్కలు, తొడలు, పొత్తికడుపు కండరాలు పట్టుకొని గుంజుకొనిపోవటం. విపరీతమైన దాహం. మూత్రం తగ్గి, పచ్చగా చిక్కబడటం. 1920లలో ఇంగ్లండులోని బొగ్గుగనులలో పనివారికి ఈ పిక్కల నొప్పులే వచ్చేవి. వారు నీరు తాగకపోలేదు. నీరు మాత్రమే తాగుతున్నారు. చెమటలో పోయిన ఉప్పును తిరిగి ఇచ్చేసరికి నొప్పులు తగ్గినవి. మన ఇళ్ళలో ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, గంజి తాగే ఆచారం వెనుక ఉన్న వివేకం ఇదే. ఈ మెట్టుమీద ఉన్నవారికి నీడ, విశ్రాంతి, ఉప్పు కలిసిన పానీయం చాలును. నూనె రాస్తే తగ్గేది కాదు.

రెండవ మెట్టు: తలనొప్పి, కళ్ళు తిరగటం, వికారం, వాంతి, ఒళ్ళంతా చెమట, గుండెదడ, మాటిమాటికి కూర్చోవాలనిపించటం. ఇది శరీరం ఇచ్చే రెండవ హెచ్చరిక. ఈ సమయంలో పని ఆపవలె. ఆ రోజుకు ఆపవలె. అరగంట ఆగి మళ్ళీ పారపట్టటం కాదు. చొక్కా గుండీలు విప్పి, నీడలో పడుకోబెట్టి, కాళ్ళు కొద్దిగా ఎత్తుగా ఉంచి, ఒళ్ళు తడిపి, కొద్దికొద్దిగా పానీయం పట్టవలె. ఆసుపత్రులలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడి ఉంటే మంచిది. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు, చెంచాకు తలకట్టి, కలపవచ్చును. అరగంటలో, గంటలో తేరుకోకపోయినా, వాంతులు ఆగకపోయినా డాక్టరు వద్దకు వెళ్ళవలసినదే.

మూడవ మెట్టు వడదెబ్బ. ఒంటివేడి 40 డిగ్రీలకు, అంటే మన జ్వరమాని లెక్కలో 104కు, చేరుతుంది. దీనిని గుర్తించటానికి జ్వరమాని అవసరం లేదు. మనిషి తీరు మారిపోతుంది. మాట తడబడుతుంది. అడిగినదానికి పొంతనలేని సమాధానం చెబుతాడు. ఎప్పుడూ కోపం ఎరుగనివాడు విసుక్కుంటాడు, తిడతాడు. తాగినవానివలె తూలుతాడు. ఇంట్లోవారి పేర్లు తారుమారు చేస్తాడు. తెలిసిన గడియ తీయలేడు. అటుపిమ్మట ఫిట్సు, స్పృహ తప్పటం. చెమట ఆగిపోయి చర్మం పొడిబారితేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఇంట్లో ఉండే వృద్ధుల విషయంలో అట్లా జరగవచ్చును. ఎండలో కష్టపడుతూ పడిపోయినవారికి మాత్రం చెమట పోస్తూ ఉండగానే వడదెబ్బ తగలవచ్చును. కనుక చర్మం పొడిబారేవరకు ఎదురుచూడవద్దు. ఎండలో తిరిగిన మనిషికి ఒళ్ళు కాలుతూ, మాట తేడా వచ్చినదంటే అదే వడదెబ్బ అనుకోవలె. పొరపాటైతే నష్టం లేదు.

అప్పుడు చేయవలసిన పనులు రెండు; అవి రెండూ ఏకకాలంలో జరగవలె. ఒకరు 108కి ఫోను చేయవలె. మిగిలినవారు మనిషిని చల్లబరచవలె. బట్టలు వదులుచేసి, తలనుంచి పాదాలవరకు నీళ్ళు పోయవలె. తడిపిన పంచె, దుప్పటి, చీర ఏది దొరికితే అది కప్పి, ఎండిపోకుండా మళ్ళీ మళ్ళీ తడుపుతూ, పంకాతోనో విసనకర్రతోనో విసరవలె. మంచుగడ్డలు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు ఇరుపక్కల, చంకలలో, గజ్జలలో ఉంచవలె. నీటితొట్టి ఉంటే, ముఖం మునగకుండా పట్టుకొని, దానిలో కూర్చోబెట్టినా మంచిదే. మొదటి అరగంటలో వేడి దింపగలిగితే మెదడు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినకుండా దక్కే అవకాశం చాలా హెచ్చు. ఆలస్యమైన ప్రతి పావుగంటా వాటిమీద పడుతుంది.

చేయగూడని పనులు కూడ ఉన్నవి. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవచ్చును. జ్వరపు మాత్రవల్ల ప్రయోజనం లేదు. ఇది జ్వరం కాదు, మాత్ర దీనిని దింపలేదు. పొడి దుప్పటి కప్పరాదు. తలుపులు మూయరాదు. జేబులో ఉల్లిపాయ ఉంచుకొనే అలవాటు కొందరికి ఉన్నది. ఉంచుకుంటే తప్పు లేదు. అది ఉన్నదన్న ధైర్యంతో మంచినీళ్ళసీసా మరచిపోతే తప్పు.

అన్నిటికంటె ముఖ్యంగా, పొద్దు వాలేవరకు ఆగరాదు. దారిలో ఎండ తగులుతుందన్న భయానికి విరుగుడు తడి దుప్పటి. తడి దుప్పటి కప్పి, బిందెడు నీళ్ళు వెంట పెట్టుకొని, మిట్టమధ్యాహ్నమైనా బయలుదేరవలె. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 వాహనానికి రుసుము లేదు. పలనాడు 2022లో ప్రత్యేక జిల్లా అయినది. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి. దగ్గరలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రం ఉంటే మొదట అక్కడికైనా చేర్చవచ్చును.

ఇంతా తెలిసినా మనం ఎందుకు ఆలస్యం చేస్తాము? నేను ఈ ప్రశ్న మా అత్తయ్యతో, బంధువులతో, ఊరివారితో చాలాసార్లు మాట్లాడాను. కారణాలు పైకి చిన్నవి. కూలి పోతుందన్న చింత. ట్రాక్టరు బాడుగ. "ఎండకు భయపడ్డాడు" అంటారన్న నామోషి. పలనాటి పౌరుషం జగమెరిగినది. బాలచంద్రుని కథ వింటూ పెరిగినవారము. కాని కారెంపూడి రణరంగంలో ఎదుట నిలిచినవాడు మనిషి. ఎండతో పంతం పట్టి గెలిచినవాడు లేడు. మరొక కారణం ఆడవారిది. చేలో మరుగు ఉండదని, దాహమైనా నీరు తాగకుండా సాయంత్రందాకా ఓర్చుకొనే తల్లులు, చెల్లెళ్ళు ఎంతోమంది. ఈ ఓర్పును మెచ్చుకోవటం మాని, పనిచోట నీడ, మరుగు, నీరు ఏర్పాటు చేయటం చేయించుకొనేవారి బాధ్యత.

హెచ్చు జాగ్రత్త ఎవరికి అవసరమో కూడ చెప్పవలె. అరవై దాటినవారు, పసిపిల్లలు, గర్భిణులు, మధుమేహం, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. వాటిని తమంతట తాము మానరాదు. వేసవి రాకముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోవలె. మద్యం తాగినవారి శరీరం త్వరగా ఎండిపోతుంది. ఇంకొకరు కొత్తగా ఎండపనిలోకి వచ్చినవారు. శరీరం ఎండకు అలవాటుపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుననే పూర్తిపని చేయించరాదు.

వీటివల్ల ఫలితం ఉంటుందా అని సందేహం కలుగవచ్చును. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరంలో వేడిగాలులకు, మామూలు సంవత్సరాలకంటె వెయ్యికి పైగా ఎక్కువ మరణాలు సంభవించినవి. ఆ తరువాత 2013లో ఆ నగరం ఒక ప్రణాళిక చేసుకున్నది. ముందురోజే హెచ్చరిక, పనివేళల మార్పు, నీటి ఏర్పాటు, వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ అందులోని అంశాలు. ఎండ తగ్గలేదు, మరణాలు తగ్గినవి. మన రాష్ట్రంలో నేడు విపత్తుల నిర్వహణ సంస్థవారు వడగాడ్పుల హెచ్చరికలను మండలాలవారీగా ఇస్తున్నారు. కాని వాకిలి గడియ దగ్గర తడబడే మనిషిని గమనించవలసినది ఇంటివారే. ఏ సంస్థా అది చేయలేదు.

ఈ నీతి వడదెబ్బకు మాత్రమే చెందినది కాదు. ఛాతీలో బరువు, ఎడమచేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే, "గ్యాసేమో, తెల్లవారి చూద్దాము" అంటాము. నోరు ఒకవైపు వంకరపోయి, ఒక చేయి పట్టు తప్పి, మాట ముద్దగా వస్తే, "చలవ చేసింది" అంటాము. మెదడులో నెత్తురు గడ్డ అడ్డుపడినప్పుడు దానిని కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోనే ఇవ్వగలరు. పాముకాటుకు మంత్రం వేయిస్తూ కూర్చుంటాము. విరుగుడు మందు ఉన్నది ఆసుపత్రిలో. ఈ మూడింటిలోనూ జబ్బు ఒకటి, జాగు ఒకటి. జాగు మాత్రం మన చేతిలోనిది.

మా అత్తయ్య ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నది. రేడియో కూడ ఉన్నది. వేసవి రాగానే వాకిట్లో కుండతో నీరు, పక్కనే మజ్జిగ ఉంచుతుంది. చేనికి పోయేవారు తాగిపోతారు. పోయిన వేసవిలో అట్లా ఆగిన ఒక కూలి కుర్రవాడు గ్లాసు పట్టుకోలేక జారవిడిచాడట. పేరు అడిగితే తడుముకున్నాడట. ఆమె ఎవరినీ అడగలేదు. కుండలో నీరంతా వాడి తలమీద కుమ్మరించింది. అరుగుమీద పడుకోబెట్టి, తన చీర తడిపి కప్పి, మనుమడిచేత 108కి ఫోను చేయించింది. అప్పుడు ఒంటిగంట. నాలుగు రోజులకు ఆ కుర్రవాడు నడిచి వచ్చి, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళాడట. "మీ మామయ్యకు చేయవలసింది వాడికి చేశానురా" అన్నది ఆమె నాతో.

శ్రోతలారా, ఈ వేసవిలో మీ ప్రాంతపు ఉష్ణోగ్రతను నేనో, మా సహోద్యోగులో చదువుతాము. ఆ అంకె విన్న తరువాత, చేనికి పోయేవారి పిక్కలు పట్టాయా, తల నొస్తున్నదా, మూత్రం సరిగా అవుతున్నదా అని ఒక్కమాట అడగండి. తిరిగి వచ్చినప్పుడు వారి మాట వినండి. తేడా కనబడితే ఆ క్షణమే నీళ్ళు పోయండి, ఆ క్షణమే బయలుదేరండి.